ఎంపీసీ పిల్లలకు వారానికి రెండు గంటల కంప్యూటర్: విశాఖ జూనియర్ కాలేజీల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలోని జూనియర్ కాలేజీల ప్రిన్సిపాళ్లకు, యాజమాన్యాలకు నమస్కారం.

మీ దగ్గర ఎంపీసీలో చేరే పిల్లల్లో చాలామంది మనసులో ఉన్నది సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్. ఇంట్లోవాళ్ల మనసులోనూ అదే. 2025 అక్టోబరులో గూగుల్ మన ఊళ్లో డేటా సెంటర్ మీద ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించాక ఆ మోజు ఇంకో మెట్టెక్కింది. (డేటా సెంటర్ వచ్చినంత మాత్రాన ఇంటింటికీ ప్రోగ్రామర్ ఉద్యోగం రాదు. ఆ చర్చ ఇక్కడ వద్దు.) ఆ సీటు ఇప్పించే ఏపీ ఈఏపీసెట్‌లో ప్రశ్నలు 160. గణితం 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. కంప్యూటర్ మీద ఒక్కటీ ఉండదు. జేఈఈ మెయిన్‌లోనూ ఆ మూడు సబ్జెక్టులే. అంటే నాలుగేళ్లు చదవబోయే బ్రాంచిని, ఒక్క ప్రోగ్రామైనా రాసి చూడకుండానే ఎంచుకుంటున్నారు.

ఆ తర్వాత జరిగేది మీకు కనబడదు, మాకు కనబడుతుంది. ఈ లేఖ రాస్తున్నది ఊళ్లో ప్లస్ టూ స్థాయిలో కంప్యూటర్ సైన్స్ చెప్పేవాళ్లం, ఇంజనీరింగ్ మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ ల్యాబులు నడిపేవాళ్లం కలిసి. మన ప్రాంతంలో చాలా కాలేజీల్లో బీటెక్ మొదటి సెమిస్టర్‌లో సీ భాష, రెండో సెమిస్టర్‌లో డేటా స్ట్రక్చర్స్ ఉంటాయి. లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఆదేశం) అంటే ఏమిటో తెలియకుండా వచ్చిన విద్యార్థి మూడు నెలల్లో పాయింటర్ల (మెమరీ చిరునామాలతో చేసే పని) దాకా పరుగెత్తాలి. అదే బెంచీ మీద పక్కన కూర్చున్న కుర్రాడు కేంద్రీయ విద్యాలయం నుంచో మరో సీబీఎస్ఈ బడి నుంచో వచ్చాడనుకోండి. 083 కోడుతో ఉండే కంప్యూటర్ సైన్స్ తీసుకుని ఉంటే అతను 11, 12 తరగతుల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, ఫైళ్లు, స్టాక్, నెట్‌వర్కులు, డేటాబేస్‌లకు వాడే ఎస్‌క్యూఎల్ భాష చేసి వచ్చాడు. 70 మార్కుల థియరీ, 30 మార్కుల ప్రాక్టికల్ రాసి వచ్చాడు. ఇద్దరి తెలివిలో తేడా ఏమీ లేదు. ఒకడికి రెండేళ్లు కీబోర్డు దొరికింది, ఇంకొకడికి దొరకలేదు. ఆ రెండో పిల్లాడు నవంబరు కల్లా "నాకు కోడింగ్ రాదు" అని నిశ్చయానికి వచ్చేసి, రికార్డులో పక్కవాడి ప్రోగ్రాములు ఎక్కించుకోవడం మొదలుపెడతాడు.

మేము అడిగేది ఒక్కటే. ఎంపీసీ పిల్లలకు వారానికి రెండు గంటలు, ఒకే బిగిన, కంప్యూటర్ ముందు కూర్చోనివ్వండి. మొదటి ఏడాది పొడవునా, రెండో ఏడాది దసరా వరకు. కొత్త సబ్జెక్టు వద్దు, కొత్త పరీక్ష వద్దు, బోర్డు సిలబస్‌లో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. ఒకేషనల్‌లో కంప్యూటర్ కోర్సు ఉంది కదా అంటారేమో. అది వేరే దారి. అక్కడి నుంచి ఇంజనీరింగ్ వైపు రావాలంటే బ్రిడ్జి కోర్సు రాయాలి. మేము మాట్లాడుతున్నది ఎంపీసీ సెక్షన్లలో ఇప్పటికే కూర్చుని ఉన్న పిల్లల గురించి.

దసరా వరకే ఎందుకంటే జేఈఈ మెయిన్ తొలి విడత జనవరిలో ఉంటుంది. ఆ ముందు మూడు నెలలు పిల్లల్ని వేరే పనికి పిలిస్తే వాళ్లూ రారు, తల్లిదండ్రులూ ఒప్పుకోరు. మొదటి ఏడాది సెలవులు, పరీక్షలు పోను 25 వారాలు, రెండో ఏడాది 12 వారాలు వేసుకున్నా మొత్తం 74 గంటలు వస్తాయి. పునాదికి అవి చాలు. రెండు గంటలనూ రెండు రోజులకు విడగొట్టకండి. సిస్టం ఆన్ చేసి, లాగిన్ అయి, పోయినసారి ఫైలు వెతుక్కునేసరికి పది నిమిషాలు పోతాయి. ఒక తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి అరగంట పట్టవచ్చు. గంట పీరియడ్‌లో సరిగ్గా ఆ తప్పు దొరకబోయే వేళకు గంట కొడతారు.

ఎన్ని కంప్యూటర్లు కావాలి? పది. ఒక్కో దాని ముందు ఇద్దరు చొప్పున బ్యాచ్‌కు 20 మంది. 60 మంది సెక్షన్‌కు మూడు బ్యాచ్‌లు, అంటే వారానికి ఆరు గంటల ల్యాబ్ సమయం. గది వారానికి 30 గంటలు తెరిచి ఉంటే ఐదు సెక్షన్లు, 300 మంది పిల్లలు చేసుకోవచ్చు. ఒక యంత్రం ముందు ముగ్గుర్ని మాత్రం కూర్చోబెట్టకండి. మూడోవాడు చూస్తూ ఉండిపోతాడు. ఇద్దరిలోనూ చురుకైనవాళ్లు కీబోర్డు వదలరు, కాబట్టి 15 నిమిషాలకొకసారి చేతులు మారాలని నియమం పెట్టి, గడియారం చూసి అమలు చేయించాలి. టైప్ చేయనివాళ్లు ఊరికే కూర్చోకూడదు. తర్వాతి లైను ఏం చేస్తుందో పైకి చెప్పాలి.

ఇక యంత్రాల సంగతి. కొత్తవి కొనమని మేము చెప్పం. మీలో చాలామంది దగ్గర తాళం వేసిన గదిలో పాత డెస్క్‌టాప్‌లు ఉన్నాయి. వాటిలో హార్డ్‌డిస్క్ తీసేసి 240 జీబీ ఎస్ఎస్‌డీ పెట్టించండి, ర్యామ్ 4 జీబీకి తగ్గకుండా చూడండి, 8 అయితే హాయి. ఈ పనికి ఇంతకు మించి అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ దగ్గర ఒక గోతి ఉంది. వాటిలో విండోస్ 7 ఉంటే పైథాన్ 3.9, ఆ పై వెర్షన్లు ఎక్కవు, 3.8 దగ్గరే ఆగిపోవాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కేంత కొత్తదనం ఆ యంత్రాలకు ఉండదు. అందుకే లినక్స్ మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకమో, సీ-డాక్ వాళ్ల బాస్ లినక్సో వేయించండి. లైసెన్సు ఖర్చు లేదు. పిల్లల పెన్‌డ్రైవ్‌లలో తిరిగే షార్ట్‌కట్ వైరస్ దాన్ని ముట్టుకోదు.

పదింటిలోనూ విడివిడిగా ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చోవద్దు. ఒకదాన్ని పూర్తిగా సిద్ధం చేయండి. పైథాన్, పైథాన్ రాసి నడపడానికి థానీ ఎడిటర్, పైథాన్ డాక్యుమెంటేషన్ ఆఫ్‌లైన్ కాపీ, తెలుగు ఫాంట్లు, అన్నీ. తర్వాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేసే క్లోనెజిల్లాతో దాని ఇమేజ్ తీసి మిగతా తొమ్మిదింటిలో దించేయండి. ఒక మధ్యాహ్నం పని. దించాక ఒక్కో యంత్రానికీ వేరే పేరు పెట్టడం మరిచిపోతే నెట్‌వర్క్‌లో పదీ ఒకే పేరుతో కనబడి గందరగోళం అవుతుంది. ఇంటర్నెట్ లేకపోయినా ఇదంతా నడుస్తుంది. మా మాట అడిగితే మొదటి ఏడాది ఇంటర్నెట్ లేకపోవడమే మేలు. విండోసే ఉంచుకుంటామంటే, పైథాన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి తెర మీద అడుగున ఉండే "పాత్‌కు చేర్చు" (Add to PATH) గడిలో టిక్ పెట్టాలి. అది వదిలేస్తే కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్ అని కొట్టినప్పుడు అసలు ప్రోగ్రాము బదులు మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. థానీ తన పైథాన్‌ను తనే తెచ్చుకుంటుంది కాబట్టి దానికి ఈ గొడవ లేదు.

విశాఖ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లకు ఉండే తలనొప్పి ఇంకోటి ఉంది, ఉప్పుగాలి. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, రుషికొండ వైపు భవనాల్లో వేసవి సెలవుల తర్వాత ల్యాబ్ తెరిస్తే మూడో నాలుగో కంప్యూటర్లు తెర నల్లగా పెట్టుకుని బీప్ బీప్ అంటాయి. మదర్‌బోర్డు పోయిందని చెప్పి తీసుకెళ్లేవాళ్లను పిలవక ముందు ఒక పని చేయండి. కరెంటు తీగ పూర్తిగా పీకి, ర్యామ్ స్టిక్ బయటికి తీసి, దాని బంగారు రంగు పళ్లను తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి, ఆరాక తిరిగి గట్టిగా నొక్కి పెట్టండి. ఎక్కువసార్లు అంతే, లేచి కూర్చుంటుంది. సెలవుల్లో కూడా వారానికి ఒకసారి గంటసేపు అన్నిటినీ ఆన్ చేసి ఉంచితే లోపలి వేడికి చెమ్మ ఆరుతుంది. ప్లాస్టిక్ తొడుగులు తీసేయండి, అవి చెమ్మను లోపలే పట్టి ఉంచుతాయి. పాత దుప్పటి నయం. గడియారం ప్రతిసారీ ఏదో పాత సంవత్సరానికి వెళ్లిపోతుంటే బోర్డు మీది సీఆర్ 2032 బటన్ బ్యాటరీ అయిపోయిందన్నమాట. అది మార్చకపోతే ఫైళ్ల తేదీలు తప్పుతాయి. పైగా భద్రమైన వెబ్‌సైట్లన్నీ సర్టిఫికెట్ చెల్లదంటాయి. అది చూసి నెట్ పనిచేయట్లేదనుకుంటారు.

కరెంటుకు సంబంధించి ఒక్క మాట. పాత డెస్క్‌టాప్, మానిటర్ కలిపి 100 నుంచి 150 వాట్లు లాగుతాయి. పదింటికి 2 కేవీఏ యూపీఎస్ ఒకటి పెడితే సేవ్ చేసి ఆపుకునే వ్యవధి దొరుకుతుంది. లేజర్ ప్రింటర్‌ను దానికి తగిలించకండి, వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటుకు యూపీఎస్ తట్టుకోదు.

ఏ భాష నేర్పాలి? పైథాన్ 3. సీబీఎస్ఈ వాళ్లు పెట్టారని కాదు. సీలో మొదటి ప్రోగ్రాము నడవడానికి పిల్లవాడు అర్థం కాని ఐదారు లైన్లు నమ్మకం మీద రాయాలి. పైథాన్‌లో ఒక్క లైను చాలు. ఇంజనీరింగ్‌లో ఎలాగూ సీనే కదా, ముందే అది చెప్పేద్దాం అనేవాళ్లుంటారు. చెబితే చెప్పండి, కానీ సీ నేర్పడానికి ఇంకా వాడుతున్న ఆ పాత నీలం తెర సాఫ్ట్‌వేర్, టర్బో సీని మాత్రం దయచేసి తీసేయండి. అది 16 బిట్ల కాలం నాటిది. అందులో పూర్ణాంకం 32,767 దాటదు. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాము రాసిన పిల్లకు 7 ఇస్తే 5,040 అని సరిగానే వస్తుంది. 8 ఇస్తే 40,320 రావాలి. తెర మీద మైనస్ 25,216 కనబడుతుంది. 40,320 లోంచి 65,536 తీసేస్తే వచ్చే సంఖ్య అది. ఆ సంగతి చెప్పేవాళ్లు పక్కన లేకపోతే ఆ పిల్ల తన లాజిక్ తప్పనుకుంటుంది. పైగా అందులో అలవాటైన కోనియో హెడరు, తెర తుడిచే క్లియర్ స్క్రీన్ ఫంక్షను రేపు లినక్స్‌లో సీ ప్రోగ్రాములు నడిపే జీసీసీలో అసలు దొరకవు.

మొదటి రెండు వారాలు కంప్యూటర్లు ఆన్ చేయకండి. కాగితం, పెన్సిల్ చాలు. గ.సా.భా. కనుక్కునే యూక్లిడ్ పద్ధతి తీసుకోండి. ఒక్కో చలరాశికి ఒక గడి గీసి, 1071, 462 తో మొదలుపెట్టించండి. 1071ని 462తో భాగిస్తే శేషం 147. 462ని 147తో భాగిస్తే శేషం 21. 147ని 21తో భాగిస్తే శేషం సున్నా. సమాధానం 21. ఒక్కో వరసలో రెండు గడుల విలువలు ఎలా మారుతున్నాయో రాయిస్తే లూప్ అంటే ఏమిటో నిర్వచనం చెప్పకుండానే తెలిసిపోతుంది. దీన్నే ట్రేస్ టేబుల్ అంటాం. ఏడాది చివరి దాకా ఇది వదలకూడదు. ప్రోగ్రాము తప్పు జవాబిచ్చినప్పుడు పిల్లలు చేసే మొదటి పని ఊహించి ఏదో ఒక గుర్తు మార్చడం. ట్రేస్ టేబుల్ గీయమంటే మూడో వరసలో తప్పు తనంతట తానే బయటపడుతుంది.

కీబోర్డు ముందుకు వచ్చాక మొదటి నాలుగు వారాలూ పది నిమిషాలు టైపింగుకు కేటాయించండి. ఈ పిల్లలు ఫోన్‌లో బొటనవేళ్లతో మహా వేగంగా కొడతారు. కానీ కోలన్, అండర్‌స్కోర్, స్క్వేర్ బ్రాకెట్ ఎక్కడున్నాయో, షిఫ్ట్ ఎందుకో తెలియదు. వేళ్లు వెతుక్కుంటూ ఉంటే బుర్రలో ఉన్న ఆలోచన జారిపోతుంది.

తర్వాత వరస మామూలే: లెక్కలు, ఇన్‌పుట్, ఇఫ్, వైల్, ఫర్, లిస్టులు, ఫంక్షన్లు, స్ట్రింగులు, డిక్షనరీలు. దీన్ని సమానంగా పంచొద్దు. లూప్‌ల దగ్గర ఆరు వారాలు ఆగండి. అక్కడ నిలదొక్కుకున్న పిల్ల మిగతాదంతా తనే చదువుకోగలదు. అక్కడ జారిన పిల్లకు తర్వాత ఏం చెప్పినా ఎక్కదు.

తప్పులు ఎక్కడెక్కడ జరుగుతాయో ముందే తెలిస్తే చెప్పేవాళ్లకు సగం పని తగ్గుతుంది. ఇన్‌పుట్ ఫంక్షన్ ఏది తీసుకున్నా అక్షరాలుగానే ఇస్తుంది. 10, 20 ఇచ్చి కూడమంటే 1020 అంటుంది. పూర్ణాంకంగా మార్చుకోవాలని అప్పుడే చెప్పాలి, ముందు చెబితే గుర్తుండదు. ఒక ఎడిటర్‌లో ట్యాబ్‌లు, ఇంకో ఎడిటర్‌లో స్పేస్‌లు కలిస్తే చూడ్డానికి లైన్లు తిన్నగానే ఉంటాయి, ప్రోగ్రాము మాత్రం ట్యాబ్ ఎర్రర్ ఇస్తుంది. నాలుగు స్పేస్‌లని మొదటి రోజే ఖాయం చేసుకోండి. ఒక లిస్టును ఇంకో పేరుకు = తో ఇస్తే కాపీ అయిందనుకుంటారు. కాలేదు. ఒకే లిస్టుకు రెండు పేర్లు వచ్చాయి, ఒకచోట మారిస్తే రెండుచోట్లా మారుతుంది. 0.1కి 0.2 కలిపితే 0.3తో సమానం కాదంటుంది, ఎందుకంటే ఆ దశాంశాలు కంప్యూటర్ వాడే 0, 1 అంకెల బైనరీ పద్ధతిలో తెగవు. ఒకటిని మూడుతో భాగిస్తే మనకు దశాంశాల్లో తెగనట్టే ఇదీ. మైనస్ 7ని 3తో భాగిస్తే శేషం పైథాన్‌లో 2, సీలో మైనస్ 1. ఈ ఒక్కటి రాసిపెట్టుకుని వెళ్లినా మొదటి సెమిస్టర్‌లో ఒక పూట మిగులుతుంది.

ఎర్రర్ సందేశం చదవడం విడిగా నేర్పాలి. పిల్లలు ఎర్ర అక్షరాలు చూడగానే తెర మూసేస్తారు. ట్రేస్‌బ్యాక్ అనే ఆ సందేశాన్ని కింద నుంచి పైకి చదవాలి. చివరి లైనులో తప్పు ఏ రకమో, దాని పైన ఏ లైనులోనో ఉంటుంది. ఒక మెలిక ఉంది. బ్రాకెట్ మూయడం మరిచిపోతే పాత వెర్షన్లు తప్పును ఆ తర్వాతి లైనులో చూపిస్తాయి. ఆ లైనులో ఏమీ ఉండదు, పిల్లలు దాన్నే పదిసార్లు చూస్తారు. 3.10 నుంచి ఆ బ్రాకెట్ మూయలేదని సూటిగా చెబుతోంది. కొత్త వెర్షన్ వేయించమనడానికి ఇదొక కారణం.

ప్రధాన సంఖ్యో కాదో చెప్పే ప్రోగ్రాము ప్రతి రికార్డులోనూ ఉంటుంది, ప్రతి రికార్డులోనూ 7, 10 ఇచ్చి చూసి సంతకం పెట్టేస్తారు. 1, 2, 4, 9, 91, 97 ఇచ్చి చూడండి. 1 ప్రధాన సంఖ్య అంటే ఆ మినహాయింపు రాయలేదు. వర్గమూలం దాకా చూడాలని తెలిసిన పిల్లలు కూడా ఫర్ లూప్‌లో వాడే రేంజ్ చివరి అంకెను కలుపుకోదన్నది మరిచిపోతారు. అప్పుడు 9కి వర్గమూలం 3, లూప్ 2 దగ్గరే ఆగి 9ని ప్రధాన సంఖ్య చేసేస్తుంది. 4కైతే లూప్ ఒక్కసారి కూడా తిరగదు. 2, 3, 5 లతో మాత్రమే భాగించి చూసినవాళ్లకు 91 చిక్కదు, అది 7 ఇంటూ 13. ఇలా పరీక్షించడమే చదువు. ప్రోగ్రాము రాయడం అందులో సగం మాత్రమే.

గణితం, ఫిజిక్స్ లెక్చరర్లు ఈ రెండు గంటలు తమ సబ్జెక్టు నుంచి తీసుకున్నారని అనుకోకూడదు. సున్నా నుంచి ఒకటి దాకా ఎక్స్ స్క్వేర్‌కు సమాకలని మూడో వంతు అని పిల్లలకు కంఠతా వచ్చు. ట్రెపిజియం పద్ధతిలో 10 ముక్కలు చేసి ప్రోగ్రాముతో కూడమనండి, 0.335 వస్తుంది. 100 ముక్కలు చేస్తే 0.33335. ముక్కలు పదింతలైతే తప్పు వందో వంతుకు తగ్గిందని వాళ్లే కనిపెడతారు. రెండు పాచికలు వేస్తే మొత్తం 7 వచ్చే సంభావ్యత ఆరో వంతు. 10,000 సార్లు వేయించి చూస్తే సాధారణంగా 0.159కీ 0.174కీ మధ్య తేలుతుంది. ప్రతివాడి జవాబు ఎందుకు కొంచెం తేడాగా వచ్చిందన్నది క్లాసులో మంచి చర్చ. ఆ రోజు ఎవరో ఒకరు తమ ఫైలుకు ర్యాండమ్ అనే పేరు పెట్టి సేవ్ చేస్తారు. పైథాన్ తన మాడ్యూల్ బదులు వాళ్ల ఫైలునే ఎత్తుకుంటుంది, అర్థం కాని ఎర్రర్ వస్తుంది. పేరు మార్చమనండి. మాత్రికల గుణకారం, న్యూటన్ పద్ధతిలో వర్గమూలం కూడా ఇలాగే చేయించవచ్చు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ల కోసం ఒక్క మాట. కీవర్డులు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, అవి పాతికకు మించి అక్కర్లేదు. వివరణ తెలుగులో చెప్పండి, చలరాశుల పేర్లు తెలుగు మాటలే పెట్టుకోనివ్వండి. తెలుగు అక్షరాలతోనే ఒక మంచి పాఠం ఉంది. విశాఖ అనే మాట పొడవు ఎంత అని పైథాన్‌ను అడిగితే 5 అంటుంది, మనకు కనబడేవి మూడక్షరాలు. గుడి, దీర్ఘం యూనికోడ్‌లో వేరే వేరే గుర్తులు. ఆ మాటను తిరగేయమంటే "ఖాశివ" అని వస్తుంది. యూటీఎఫ్-8 ఫైలులో అది 15 బైట్లు తీసుకుంటుంది, ఒక్కో గుర్తుకు మూడు చొప్పున. విండోస్‌లో ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయకపోతే తెలుగు రాయబోయే ప్రోగ్రాము ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఇంజనీరింగ్ చివరి ఏడాది వాళ్లకు కూడా చాలామందికి ఇది తెలియదు.

రెండో ఏడాది 12 వారాలూ ఫైళ్లకు, డేటాబేస్‌కు ఇవ్వండి. సరుకు మన దగ్గరే ఉంది. ఎంవీపీ కాలనీ రైతు బజార్‌లో కూరగాయల ధరలు రోజూ బోర్డు మీద రాస్తారు. నెల రోజుల ధరలు సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైలులోకి ఎక్కించి, ఏ వారం టమాటా ఎంత పెరిగిందో తేల్చమనండి. విండోస్‌లో సీఎస్‌వీ రాసినప్పుడు ప్రతి వరసకూ మధ్య ఒక ఖాళీ వరస వస్తుంది. ఫైలు తెరిచేటప్పుడు న్యూలైన్ ఆర్గ్యుమెంట్‌ను ఖాళీ స్ట్రింగ్‌గా ఇస్తే పోతుంది. ఎస్‌క్యూఎల్ కోసం మైఎస్‌క్యూఎల్ సర్వర్ పెట్టి పాస్‌వర్డ్ మరిచిపోయి తిప్పలు పడనక్కర్లేదు, పైథాన్‌తో పాటే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ వస్తుంది. రెండు జాగ్రత్తలు. కమిట్ చేయకుండా, అంటే మార్పులను ఖాయం చేయకుండా ప్రోగ్రాము ముగిస్తే చేర్చిన వరసలు మాయమవుతాయి. ఎస్‌క్యూలైట్ అంకెల గడిలో అక్షరాలు రాసినా ఊరుకుంటుంది కాబట్టి ఆ తనిఖీ ప్రోగ్రాములోనే పెట్టించాలి.

మార్కులు లేకపోతే పిల్లలు చేయరన్నది మీ అనుమానం కావచ్చు. మార్కులు వద్దు, రికార్డు కూడా వద్దు. రికార్డు పెట్టిన మరుక్షణం ఎక్కించుకోవడం మొదలవుతుంది. దాని బదులు నెలకోసారి ఒక్కొక్కరి దగ్గర నాలుగు నిమిషాలు నిలబడండి. వాళ్లు తెచ్చిన ప్రోగ్రాములో ఒక షరతు మార్చి, జవాబు ఏమవుతుందో నడపక ముందే చెప్పమనండి. చాట్‌జీపీటీతో రాయించి తెచ్చినా, అన్నయ్యతో రాయించి తెచ్చినా అక్కడ తేలిపోతుంది. అర్థం చేసుకుని ఉంటే ఎవరు రాసిచ్చినా మాకు అభ్యంతరం లేదు. సీబీఎస్ఈ 30 మార్కుల ప్రాక్టికల్‌లో వైవాకు ఇచ్చేది 3 మార్కులే. అది తప్పని మా అభిప్రాయం, మీరు ఆ పొరపాటు చేయనక్కర్లేదు.

చెప్పేవాళ్లు ఎవరు? కొత్తవాళ్లను నియమించకపోయినా పర్వాలేదు. ఆసక్తి ఉన్న గణితం లెక్చరర్ ఒకరు వేసవిలో పది రోజులు కూర్చుంటే మొదటి ఏడాదికి సరిపడా సిద్ధమవుతారు. ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి కంప్యూటర్ సైన్స్ పుస్తకం ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, వరస దాన్నే అనుసరించవచ్చు. బ్యాచ్‌కు ఒక బీటెక్ సీనియర్‌ను సాయానికి పెట్టుకోండి. మూడు రోజులు వస్తే వారం గడుస్తుంది. చురుకైన పిల్లలకు జోనల్ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్ పాత ప్రశ్నపత్రాలు ఇవ్వండి. అవి కాగితం మీదే చేసేవి, కంప్యూటర్ అక్కర్లేదు, జేఈఈ లెక్కలకన్నా తక్కువేం కావు.

రోబోటిక్స్ కిట్లు, ఏఐ పేరుతో వచ్చే సర్టిఫికెట్ కోర్సులు కొనకండి. లూప్ రాయని పిల్లకు ఏఐ కోర్సు చెప్పడం తల్లిదండ్రుల మీటింగులో చూపించుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. రంగురంగుల బొమ్మలు పేర్చే ప్రోగ్రామింగ్ పదేళ్ల పిల్లలకు బాగుంటుంది, పదహారేళ్లవాళ్లకు కాదు. హాస్టల్లో ఉండే పిల్లలకు చేతిలో ఫోన్ కూడా ఉండదు, వాళ్లకు మీ ల్యాబే దిక్కు. ఆ సెక్షన్లకు ముందు ఇవ్వండి.

వచ్చే టైంటేబుల్ వేసేటప్పుడు ఈ రెండు గంటలను శనివారం మధ్యాహ్నం పెట్టకండి, వీకెండ్ టెస్ట్ మింగేస్తుంది. సాయంత్రం చివరి పీరియడ్ కూడా వద్దు, స్టడీ అవర్ దాన్ని ముందుకు జరిపించుకుంటుంది. వీలైనంత వరకు మంగళవారం నుంచి గురువారం లోపు, ఉదయం పూట పెట్టండి. ల్యాబ్ తాళంచెవి ఆఫీసు బీరువాలో కాకుండా ఆ పీరియడ్ తీసుకునే లెక్చరర్ దగ్గరే ఉండనివ్వండి.

ఇట్లు,
విశాఖపట్నంలో కంప్యూటర్ సైన్స్ బోధించే కొందరు అధ్యాపకులం